నీళ్లు ఆరాక

చీమకుర్తిలో రేకుల షెడ్డు చివర
ఏసీ కన్నా దుమ్మే ఎక్కువ పనిచేసే గదిలో
మూడు వారాలుగా ఒక పలకను గీస్తున్నాను.

కంప్యూటర్ ఇచ్చే రెడీమేడ్ సామాను చాలలేదు.
బటన్ ఉంది, లిస్టు ఉంది, టిక్కు పెట్టే గడి ఉంది.
మూల విరిగిన గెలాక్సీ రాయి లేదు.
కొండ అడ్డదిడ్డంగా ఇచ్చినదాన్ని
నలుచదరంలో కూర్చోమంటే కూర్చుంటుందా?
ఖాళీ కిటికీ ఒకటి తెరిచి
ఇక నీ బొమ్మ నువ్వే గీసుకో అన్నాను,
అంటే నేనే గీయాలని అర్థం.

మొదటిరోజు రాయి తలకిందులుగా వచ్చింది.
ఒంగోలు కాలేజీలో వై గీత పైకి పెరిగేది.
ఇక్కడ సున్నా పై మూలన కూర్చుని
కిందికి లెక్కబెడుతుంది.
వెనక నిలబడి చూస్తున్న మాలకొండయ్య నవ్వాడు.
"క్వారీలో అంతే గదమ్మా,
పైనుంచే గదా లోతు లెక్క!
యాడన్నా అడుగునుంచి కొలుస్తారా?"
రెండు గంటల నా తలనొప్పి తీసినందుకు
ఆయన కూలి అడగలేదు.

మాలకొండయ్య నెర్రెలు చూసే మనిషి.
ముప్పయ్యేళ్లుగా అదే పని.
పాలిష్ పట్టిన నల్లరాతి మీద
మగ్గుడు నీళ్లు పోసి, పాత లుంగీ గుడ్డతో తుడిచి
ఊరకే నిలబడతాడు.
రాయంతా ఆరుతుంది. ఒక్కచోట ఆరదు.
వెంట్రుక మందాన తడి అట్నే ఉంటుంది.
సుద్దముక్క అక్కడ పడుతుంది.

ఆ సుద్దగీతే నా తెరమీదికి రావాలి.

గీతయితే వచ్చింది, మౌసుకు దొరకలేదు.
ఒక్క చుక్క మందం గీతను
ఎవరు పట్టుకోగలరు?
చుట్టూ నాలుగు చుక్కల దూరం వరకూ
తగిలినట్టే లెక్క అని రాశాను.
మాలకొండయ్య చూపుడువేలు మొద్దు, కొసన గోరు లేదు.
నాలుగును ఆరు చేశాను.

మౌసు కదిపినప్పుడల్లా తెర అదిరిపోయేది,
కరెంటు పోయి వస్తున్నట్టు.
"అంతా ఎందుకు కడుగుతుండావు?
మురికైన కాడికి తుడువు" అన్నాడు.
అంతే చేశాను. మారిన ముక్కనే మళ్లీ గీయించాను,
అదీ చాటున గీసి, పూర్తయ్యాకే ముందుకు తెచ్చి.
అదురు ఆగింది.

ఒకటి మాత్రం ఆయనకు మింగుడుపడలేదు.
కిటికీ మీదికి ఇంకో కిటికీ వచ్చి తొలగితే
తెరకు ఏమీ గుర్తుండదు,
రాయిని మొదటినుంచీ మళ్లీ గీయాలి అంటే
"అయితే ఇది రాయి కాదు" అన్నాడు.

శుక్రవారం చెంచురామయ్యగారబ్బాయి వచ్చాడు, ఇప్పటి ఓనరు.
చాలా బాగుందన్నాడు.
బంగారు చుక్కలు ఇంకొన్ని వేయమన్నాడు.
కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి,
"పార్టీ వచ్చినప్పుడు నెర్రెలు కనపడకుండా
ఒక టిక్కు పెట్టరాదూ..."

ఒక్క షరతు. ఒకటిన్నర లైను.
టిక్కు ఉంటే గీయకు, అంతే.
నేను రాశాను.
రాయలేదని చెప్పుకుంటే బాగుండేది.
దానికి పేరు పెట్టడానికే ఎక్కువసేపు పట్టింది.

సోమవారం హోసూరు నుంచి పార్టీ వచ్చింది.
పొద్దున్నే పలకల మీద సుద్ద తుడిపించారు.
తెరమీద పదిహేడో నంబరు
పుట్టి బుద్ధెరిగి దెబ్బ తగలనట్టు ఉంది.
రేటు కుదిరింది. టీ తెప్పించారు.
మెరుపు చూపించమని ఓనరే కేకేశాడు.
మాలకొండయ్య మగ్గు తెచ్చి నీళ్లు పోశాడు,
రోజూ పోసినట్టే.
బంగారు చుక్కలు లేచాయి. అందరూ ఆహా అన్నారు.

టీ తాగేంతసేపు ఎండ కాసింది.
అంచులనుంచి తడి వెనక్కి జరిగింది.
ఎవరూ పిలవకుండానే
పదిహేడో నంబరు
ఎడమ మూలనుంచి కిందికి, జానెడు పొడవున
తన గీత తాను గీసుకుంది.

ఓనరు నా వైపు చూశాడు.
నేను మాలకొండయ్య వైపు చూశాను.
ఆయన గ్లాసు కింద పెట్టి
జేబులో సుద్దముక్క వెతుక్కుంటున్నాడు.